ఎనిమిదో అంతస్తులో ఎర్ర తాళం

ఆ కాగితం మీద ఒక్క సంతకం పెట్టాలి. బల్ల ఉంది, పెన్ను ఉంది, సంతకం చేతనైన మనిషీ ఉంది. చెయ్యే ముందుకు రావడం లేదు. మూడు రోజులుగా ఆ కాగితం కుట్టుమిషను మీద కప్పే గుడ్డ కింద ఉంది. పొద్దున గుడ్డ తీసినప్పుడు ఆవిడ దాన్ని పక్కకు జరుపుతుంది. సాయంత్రం గుడ్డ కప్పేటప్పుడు మళ్ళీ యథాస్థానంలో పెడుతుంది. అంతకు మించి దానితో మాటామంతీ లేదు.

ఆవిడను వీధిలో అందరూ జాగ్రత్తమ్మ అంటారు. జిప్పులు మార్చడం, పొడుగైన ప్యాంట్లు కురచ చెయ్యడం, బిగుతైన చొక్కాలు వదులు చెయ్యడం ఆవిడ పని. రెండు మంచాలు పట్టే గది, అదే దుకాణం. బట్టలు తీసుకుని వెళ్ళే ప్రతి మనిషికీ ఒక జాగ్రత్త చెప్పనిదే గుమ్మం దాటనివ్వదు. మెట్టు జాగ్రత్త. అంచులో సూది ఉండిపోయిందేమో, దులిపి వేసుకోండి, జాగ్రత్త. మబ్బు పట్టింది, జాగ్రత్త. ఒకసారి పెళ్ళికొడుకు ఒకడు సూటు వదులు చేయించుకుని వెళ్తుంటే అలవాటు కొద్దీ "జాగ్రత్త నాయనా" అంది. "ఆ మాట నెల రోజుల ముందు చెప్పాల్సిందమ్మా" అన్నాడట అతను. అప్పటినుంచి ఆ పేరు ఆవిడకు అతుక్కుపోయింది.

వాళ్ళాయన రొట్టెల కంపెనీ వ్యాను నడుపుతాడు. ఆయన పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, ఆవిడ కళ్ళ ముందు వ్యాను బోల్తా పడి చక్రాలు గాల్లో తిరుగుతుంటాయి. తీరా ఆయన ఈల వేసుకుంటూ గుమ్మంలోకి వస్తే తిట్ల వర్షం. "బతికొచ్చినందుకు తిడుతున్నావా, లేక చావనందుకా?" అంటాడాయన. ఆయన తీరే వేరు. ఇల్లు తగలబడుతున్నా ముందు చొక్కా బొత్తాలు పెట్టుకుని ఆ తరవాత బయటికొచ్చే రకం.

వాళ్ళకు ఒక్కతే కూతురు. ఇంట్లో పండు అంటారు. ఇంజినీరింగు మూడో ఏడు చదువుతోంది. ఆ ఏడాదంతా పిల్లలకు ఒకటే ధ్యాస, ఇంటర్న్‌షిప్పు. అంటే చదువు మధ్యలో ఆరు నెలలు ఒక కంపెనీలో పని నేర్చుకోవడం. పండు కూడా రాత్రీ పగలూ దాని మీదే పడింది. తన చదువూ, తనకు వచ్చిన పనులూ ఒక్క పేజీలో రాయాలట. ఆ ఒక్క పేజీని ఏడుసార్లు రాసింది, ఏడుసార్లు చించింది. దుకాణంలో బట్టలు వేసి చూసుకునే అద్దం ముందు నిలబడి, "నా గురించి చెప్పాలంటే..." అని మొదలుపెట్టి తనతో తనే మాట్లాడుకునేది. తల్లి మెడలో టేపుతో ఎదురుగా కూర్చుని ఇంటర్వ్యూ చేసే పెద్దమనిషి వేషం వేసేది.

"ఏమ్మా, పొద్దున ఏమైనా తిన్నావా?" అని అడిగేది గంభీరంగా.

"అమ్మా! అలాంటివి అడగరు."

"అడక్కపోతే అది మంచి కంపెనీ కాదు."

ఏమైతేనేం, అరవై మంది పోటీ పడితే ఆరుగురిని తీసుకున్నారు. అందులో పండు ఒకతి. ఆరు నెలలు నెగ్గుకొస్తే చివరి ఏడాది చదువు ఖర్చంతా స్కాలర్‌షిప్పు కింద కంపెనీయే భరిస్తుంది. వీధంతా చెప్పుకోవాల్సిన సంగతే. జాగ్రత్తమ్మ మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే అది లిఫ్టుల కంపెనీ. ఎత్తయిన భవనాల్లో లిఫ్టులు బిగించి, ఆ తరవాత వాటిని కనిపెట్టుకుని ఉండడం వాళ్ళ పని. లిఫ్టు తిరిగే ఆ నిలువు గొయ్యిలోకి దిగాలి, లిఫ్టు నెత్తి మీద నిలబడాలి. పని ప్రమాదంతో కూడినది కాబట్టి తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం పెట్టిన అంగీకార పత్రం శుక్రవారం సాయంత్రం అయిదులోగా కాలేజీలో ఇవ్వాలి. తండ్రి నిలబడే సంతకం పెట్టాడు, టీ తాగాడు, వెళ్ళాడు. కింద తల్లి గీత ఖాళీగా ఉండిపోయింది.

బుధవారం సాయంత్రం పండు దుకాణానికి వచ్చి మిషను మీద గుడ్డ ఎత్తింది.

"ఇంకా పెట్టలేదా? ఎల్లుండి అయిదు దాటితే ఇది రొట్టెలు చుట్టుకోవడానికి కూడా పనికిరాదు."

"అయిదు లోపలే కదా. చూద్దాంలే."

"మూడు రోజుల్నించి చూస్తూనే ఉన్నావ్. అదేమైనా సినిమానా?"

"తాడు తెగితే ఏం చేస్తావే?"

"తెగదమ్మా."

"పడేవాడు ఎవడైనా పడతానని ముందే చెప్పి పడతాడా? నువ్వా గొయ్యిలో ఉండగా ఎవడో మాలోకం పైన స్విచ్చు వేస్తే?"

"వెయ్యరు. వాటికి పద్ధతులుంటాయి."

"పద్ధతులు కాగితం మీద బాగానే ఉంటాయి. మనుషులే ఉండరు వాటి ప్రకారం."

పండు స్టూలు లాక్కుని కూర్చుంది. కోపం వస్తే అరవడం ఆ పిల్లకు తెలియదు. గొంతు ఇంకా చిన్నదవుతుంది. అదే తల్లికి భయం.

"ఏడో పేరు వెయిటింగులో ఉందమ్మా. ఆ అబ్బాయి రోజూ నా దగ్గరికొచ్చి 'మీ అమ్మగారు సంతకం పెట్టారా' అని వాకబు చేస్తున్నాడు. ఎంత శ్రద్ధో! నువ్వు పెట్టకపోతే నేనేమీ ఏడవను. అన్నం మానను. కానీ ఇంకెప్పుడూ నిన్ను ఏదీ అడగను. చెప్పను కూడా."

అని సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. జాగ్రత్తమ్మ సగం విప్పిన జిప్పు అలాగే పట్టుకుని కూర్చుంది. సంతకం పెడితే పిల్లను తన చేత్తో గొయ్యిలోకి తోసినట్టు. పెట్టకపోతే పిల్ల ఇంట్లోనే ఉన్నా లేనట్టు. మింగలేక కక్కలేక ఆ పూట గడిపింది.

గురువారం పొద్దున ఆవిడ ఒక నిర్ణయానికి వచ్చింది. కొనే గుడ్డనే వెలుతురులో పట్టి చూస్తాం. కడుపున పుట్టిన పిల్లను చూడని చోటికి ఎలా పంపడం? ఆ కాగితం మీద కంపెనీ చిరునామా ఉంది. దాన్ని మడిచి సంచీలో పెట్టుకుని, ఇస్త్రీ పెట్టె ఆపానా లేదా అని మూడుసార్లు చూసుకుని, దుకాణం తాళం వేసి రెండుసార్లు లాగి చూసి బస్సెక్కింది. ఎవరికీ చెప్పలేదు.

ఎనిమిది అంతస్తుల భవనం. కంపెనీ ఆఫీసు పై అంతస్తులో. కింద లిఫ్టు తలుపు మీద బోర్డు వేలాడుతోంది: లిఫ్టు మరమ్మతులో ఉంది, మెట్లు వాడండి. ఆ బోర్డు చూసి సంతోషించిన మనిషి ఆ రోజు మొత్తానికి జాగ్రత్తమ్మ ఒక్కతే. లిఫ్టు బాగున్నా ఆవిడ ఎలాగూ ఎక్కదు. అయిదో అంతస్తులో కళ్ళ ఆసుపత్రి దగ్గర ఒకసారి, ఏడో అంతస్తులో ఒకసారి ఊపిరి తీసుకుని మొత్తానికి పైకి చేరింది.

చంకలో హెల్మెట్టు పెట్టుకుని ఒక నడివయసు మేడమ్ ఎదురొచ్చింది. అక్కడ సూపర్‌వైజరు ఆవిడే.

"ఎవరు కావాలమ్మా?"

"ఎవరూ వద్దమ్మా. పని చూసి పోదామని."

"పనికోసమా?"

"పనిని చూడ్డానికి. మీరు ఎంచుకున్న ఆరుగురు పిల్లల్లో ఒకరి తల్లిని. ఏ పిల్ల అని మాత్రం అడక్కండి. నేనొచ్చానని తెలిస్తే నన్ను బతకనివ్వదు." జాగ్రత్తమ్మ గుక్క తిప్పుకుంది. "రేపు సంతకం పెట్టాలి. అది ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ చెయ్యి పెడుతుందో ఒక్కసారి చూపించండి. చూసి నా దారిన నేను పోతాను."

మేడమ్ చంకలో హెల్మెట్టు సర్దుకుంది. "ఇన్నేళ్ళలో ఈ మాట అడిగిన తల్లిదండ్రులు లేరు. రండి."

ఆఫీసు వెనక ఇనప మెట్లెక్కితే మోటారు గది. గ్రీజు వాసన. గుమ్మం లోపల నేల మీద పసుపు గీత. గీత పక్కన గోడకు పెద్ద స్విచ్చు పెట్టె. ఆ స్విచ్చును కిందికి దించి ఒక ఇనప గొళ్ళెంతో బంధించారు. గొళ్ళేనికి ఎర్ర తాళాలు ద్రాక్షగుత్తిలా వేలాడుతున్నాయి. మేడమ్ ఇంకో ఎర్ర తాళం ఆవిడ చేతిలో పెట్టింది.

"గీత దాటే ప్రతి మనిషీ తన తాళం తను వెయ్యాలి. తాళంచెవి తన దగ్గరే ఉంచుకోవాలి. ఈ అట్టముక్క మీద పేరు, ఫోను నంబరు రాసి తగిలించండి."

ఫోను నంబరు అనేసరికి జాగ్రత్తమ్మ వెనక్కి తగ్గింది. నంబరు తీసుకుని ఇల్లు గుల్ల చేసేవాళ్ళ కథలు ఆవిడకు ఒకటా రెండా! పేరు చెబితే పిల్ల ఎవరో తెలిసిపోతుంది. మేడమ్ జేబులో ఫోను మోగింది. ఆమె అటు తిరగ్గానే జాగ్రత్తమ్మ అట్టముక్క మీద 'పండు వాళ్ళమ్మ' అని రాసి, నంబరు చోటు ఖాళీగా వదిలేసి, తాళం బిగించింది. తాళంచెవిని, దొంగల భయంతో తన బట్టలకు తనే కుట్టుకున్న లోపలి జేబులో వేసి జిప్పు లాగింది.

"మేస్త్రీగారూ, ఈవిడకు అన్నీ చూపించండి" అని మేడమ్ ఫోను చెవిన పెట్టుకుని కిందికి దిగిపోయింది.

మేస్త్రీ పెద్దవాడు. కళ్ళజోడు జారకుండా దారంతో కట్టుకున్నాడు. ఒక చేతిలో వాకీటాకీ ఉంది. కింద గొయ్యిలో ఉన్న తన జతగాడితో మధ్యమధ్య మాట్లాడుతున్నాడు.

"అడగండి చెల్లెమ్మా."

"తాడు తెగితే?"

"తాడు కాదు, తాళ్ళు. అవి ఆరు. ఒక్కటి చాలు బరువు మొయ్యడానికి."

"ఆరూ తెగితే?"

"లిఫ్టు పడే వేగం చూసి అదిగో ఆ చక్రం కనిపెడుతుంది. కింద కొక్కేలు పట్టాలను కరుచుకుంటాయి. పిల్లి గోళ్ళతో గోడ పట్టుకున్నట్టు."

"అవి పట్టకపోతే?"

మేస్త్రీ కళ్ళజోడు పైనుంచి చూశాడు. "చెల్లెమ్మా, మీరు మా లిఫ్టులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు కంటే గట్టిగా ఉన్నారే! అడుగున స్ప్రింగులున్నాయి."

"తాళ్ళ సంగతి సరే అన్నా. మనిషి సంగతి చెప్పండి. మా పిల్ల ఆ గొయ్యిలో ఉండగా ఎవరైనా కరెంటు వేస్తే?"

"వెయ్యలేరు. స్విచ్చు మీద మీ పిల్ల తాళం ఉంటుంది. తాళంచెవి దాని జేబులో. అది పైకొచ్చి తీస్తే తప్ప ఈ మిషను కదలదు. పది మంది ఉంటే పది తాళాలు. తొమ్మిది తీసినా లాభం లేదు."

ఇంతలో వాకీటాకీ గరగరలాడింది. మేస్త్రీ నేలలో ఉన్న చిన్న కిటికీలోంచి గొయ్యిలోకి వంగి, "ఇంకో రెండు వేళ్ళు వదులు చెయ్యి... చాలు" అంటున్నాడు. సరిగ్గా అప్పుడే జాగ్రత్తమ్మ గుండెలో ఒక సూది గుచ్చుకుంది. ఇస్త్రీ పెట్టె! మూడుసార్లు చూశాను సరే, మూడోసారి చూసినప్పుడు ఆపి ఉందా, ఆపాలని అనుకున్నానా? దుకాణంలో ఎవరిదో కోటు, పక్కన దూది పరుపుల కొట్టు, ఆ పైన కాపురం ఉంటున్న బాలింత. "వస్తానన్నా" అని ఆయన వీపుకు చెప్పి ఆవిడ పరుగో పరుగు. ఎనిమిది అంతస్తులూ ఎలా దిగిందో ఆవిడకే తెలియదు.

ఇస్త్రీ పెట్టె చల్లగా ఉంది. ప్లగ్గు తీసి నేల మీద పెట్టి ఉంది, తీగ చుట్ట చుట్టి మరీ. జాగ్రత్తమ్మ రెండు గ్లాసుల నీళ్ళు తాగి, మిషను ముందు కూర్చుని, తెగిన జిప్పు అందుకుంది. కుడుతూ ఆలోచించింది. ఆరు తాళ్ళూ, చక్రమూ, కొక్కేలూ బాగానే ఉన్నాయి. కానీ చివరికి అంతా వచ్చి ఆ చిటికెన వేలంత తాళం మీద ఆగింది. తాళం అంటే ఏముంది? ఇనప ముక్క. కింద జనం గోల పెడితే, పైవాడు కసురుకుంటే, ఎవడో ఒకడు 'ఏం కాదులే' అని కోసి పారేస్తాడు. లోకంలో 'ఏం కాదులే' అనేవాళ్ళ చేతుల్లోనే కదా అన్నీ అయ్యేవి! లేదు. సంతకం పెట్టను. పిల్ల మాట్లాడకపోతే మాట్లాడకపోయింది. కళ్ళ ముందు తిరుగుతూ ఉంటుంది, అది చాలు.

అలా తేల్చుకున్నాక మనసు తేలికపడాలి. పడలేదు. కుట్టు రెండుసార్లు వంకరపోయింది.

మూడున్నరకు ఫోను మోగింది. పండు.

"అమ్మా, ఎక్కడున్నావ్?"

"దుకాణంలో. ఏమైందే? పడ్డావా? జ్వరమా?"

"పొద్దున ఎక్కడికెళ్ళావ్?"

"నేనా? ఎక్కడికెళ్తాను?"

అవతల మళ్ళీ ఆ చిన్న గొంతు. "ప్లేస్‌మెంట్ సార్ క్లాసులోకి వచ్చి మా ఆరుగుర్నీ లేపి నిలబెట్టారు. 'మీలో పండు ఎవరు?' అని అడిగారు. డెబ్భై మంది ముందు. నేను చెయ్యెత్తానమ్మా."

జాగ్రత్తమ్మ చేతిలో జిప్పు పక్కన పెట్టింది.

"నీ తాళం తియ్యకుండా వచ్చేశావట. పని ఒంటిగంటకే అయిపోయిందట. అందరూ వాళ్ళ వాళ్ళ తాళాలు తీసుకున్నారు, ఒక్కటి మిగిలిపోయింది. నువ్వు ఆ గొయ్యిలో ఎక్కడైనా పడి ఉన్నావేమో అని టార్చిలైట్లు వేసుకుని వెతుకుతున్నారట."

"అయ్యో, కోసెయ్యమని చెప్పవే! నేనిక్కడ బాగానే ఉన్నాను."

"సార్ ముందే అడిగారు. వాళ్ళు కొయ్యరట. మనిషి రావాలట. నేను బయల్దేరాను, నువ్వూ రా."

ఆవిడ చెయ్యి లోపలి జేబు మీదికి పోయింది. జిప్పు కింద చల్లగా, గట్టిగా, తాళంచెవి.

బస్సులో కూర్చుందన్నమాటే గానీ ప్రాణం నిలబడే ఉంది. ఉద్యోగం ఊడగొట్టడానికి శత్రువులు అక్కర్లేదు, ఇలాంటి తల్లి ఒకతి ఉంటే చాలు అనుకుంది. సంతకం పెట్టను అనుకోవడం వేరు. తన చేతకానితనంతో పిల్ల సీటు పోవడం వేరు. ఇది అది కాదు. ఇది పిల్ల నోట్లో మట్టి కొట్టడం.

మెట్ల మీద పైకెక్కేవాళ్ళు ఆయాసపడుతూ, దిగేవాళ్ళు తిట్టుకుంటూ ఉన్నారు. కంటికి కట్టు కట్టించుకున్న పెద్దాయన్ని ఆయన కోడలు ఒక్కో మెట్టూ దింపుతోంది. జాగ్రత్తమ్మ గోడకు అతుక్కుని దారి ఇచ్చింది.

"ఎవరో ఒకావిడట, తాళం వేసి చక్కా పోయిందట" అంది కోడలు.

"అలాంటి వెర్రిబాగుల మనుషుల్ని లోపలికెలా రానిస్తారో!" అన్నాడు పెద్దాయన.

"పాపం, మర్చిపోయి ఉంటుంది లెండి" అంది జాగ్రత్తమ్మ తల వంచుకుని.

"మర్చిపోవడానికి అదేమన్నా గొడుగా?"

మోటారు గది మెట్ల దగ్గరికి వచ్చేసరికి పైనుంచి కేకలు వినిపించాయి. ఆవిడ ఇనప మెట్లెక్కి గుమ్మం బయటే ఆగింది. తలుపు సందులోంచి లోపల కనిపిస్తోంది. భవనం మేనేజరు చేతిలో ఇనుము కోసే పొడుగాటి కత్తెర. స్విచ్చు పెట్టెకు అడ్డంగా స్టూలు వేసుకుని మేస్త్రీ. ఆయన బట్టలు మోకాళ్ళ దాకా మురికి, మోచేతికి గీరుకున్న రక్తం. గొయ్యి అడుగుకు దిగి వచ్చినట్టున్నాడు.

"ఆవిడ ఇంట్లో ఉందని ఫోనులో చెప్పారు కదయ్యా!" మేనేజరు అరుస్తున్నాడు.

"ఎవరో పిల్ల ఎవరో సారుకు చెప్పింది. ఆ సారు మా మేడమ్‌కు చెప్పాడు. నేను చూశానా?"

"మూడు గంటలుగా లిఫ్టు ఆగిపోయింది! ఎనిమిది అంతస్తుల జనం నా ప్రాణం తోడేస్తున్నారు. రెండుసార్లు వెతికారు కదా, లోపల ఎవరూ లేరు కదా!"

"మాకు కనబడలేదు. లేరని ఎలా అంటాను? ఆ అట్టముక్క మీద ఒక తల్లి అని రాసుంది. అది తీసేదాకా నా లెక్కలో ఆవిడ లోపలే ఉంది."

"నీ ఉద్యోగం పోతుంది చూసుకో!"

"పోనీండి. ఇంకో ఉద్యోగం వస్తుంది. ఆవిడే పోతే ఇంకో ఆవిడ రాదు కదా."

మేనేజరు కత్తెర ముందుకు చాపాడు. మేస్త్రీ కదల్లేదు. చేతులు కట్టుకుని, కళ్ళజోడులోంచి అలా చూస్తూ కూర్చున్నాడు. జాగ్రత్తమ్మ ఆ మనిషిని చూసింది. బతుకంతా తనను చూసి నవ్వినవాళ్ళే ఆవిడకు తెలుసు. తనలాగే, తనకంటే మొండిగా, ఏమవుతుందో అని కూర్చున్న మనిషిని చూడడం ఇదే మొదటిసారి. అదీ తన కోసం. పేరు కూడా సరిగ్గా చెప్పని ఒక దారినపోయే మనిషి కోసం.

"అన్నా" అంది గుమ్మంలోంచి. "నేనే."

మేస్త్రీ లేచాడు. ఆవిడను నెత్తి నుంచి కాళ్ళ దాకా చూశాడు. "ఎక్కడా దెబ్బ తగల్లేదు కదా చెల్లెమ్మా?" అన్నాడు. లేదని ఆవిడ తల ఊపాక ఆయన మళ్ళీ స్టూలు మీద కూలబడి, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. అది తుడిచేకొద్దీ గ్రీజు ఇంకా అంటుకుంది.

"ఏడ్చినట్టుంది వ్యవహారం" అన్నాడు మేనేజరు. "తియ్యమ్మా తల్లీ, తియ్యి!"

"నెమ్మదిగా తియ్యండి. మీ తాళం, మీ చెయ్యి. ఎవరూ తొందరపెట్టకూడదు" అన్నాడు మేస్త్రీ.

తాళంచెవి రెండుసార్లు జారింది. మూడోసారి తిరిగింది. మేస్త్రీ గొళ్ళెం విప్పి స్విచ్చు పైకెత్తగానే పెద్ద చక్రం ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని కదిలింది. మేనేజరు కత్తెర భుజాన వేసుకుని, ఆ పూట తను తిన్న తిట్లన్నీ తిరిగి అప్పజెబుతూ దిగిపోయాడు.

ఆయన దిగిన మెట్ల మీదుగానే పండు పైకి వచ్చింది, మొహమంతా చెమట. వెనకే చేతిలో రిజిస్టరుతో మేడమ్.

"మేడమ్, సారీ మేడమ్. మా అమ్మ..." అంది పండు.

"దాని తప్పు ఇసుమంత కూడా లేదమ్మా" జాగ్రత్తమ్మ అడ్డం వచ్చింది. "దానికి తెలియనే తెలియదు. ఏమన్నా అనాలంటే నన్ననండి. కావాలంటే రేపట్నించి మీ మెట్లన్నీ నేను తుడుస్తాను. దాన్ని మాత్రం తీసెయ్యకండి."

మేడమ్ రిజిస్టరు తెరిచి చూపించింది. "ఇవాళ్టి పొరపాటు రాశాను, వినండి. అట్టముక్క మీద ఏం రాశారో చూడకుండా మిమ్మల్ని గీత దాటించింది నేను. మేస్త్రీకి అప్పజెప్పి ఫోనుకు పోయింది నేను. లోపలికి తెచ్చినవాళ్ళే బయట దింపాలి, అదీ మా నియమం. ఇందులో మీ అమ్మాయి ఊసే లేదు."

"అయితే నా సీటు..." అంది పండు.

"రేపు అయిదింటి దాకా నీదే. అంగీకార పత్రమే ఇంకా రాలేదు."

మేడమ్, మేస్త్రీ జాగ్రత్తమ్మ వైపు చూశారు. చూడకూడదనుకుంటూనే పండు కూడా చూసింది.

"అది ఇక్కడే ఉంది" అంది జాగ్రత్తమ్మ. చిరునామా కోసం తెచ్చుకున్న కాగితం పొద్దున్నుంచీ సంచీలోనే ఉంది. దాన్ని తీసి, మేస్త్రీ పనిముట్ల పెట్టె మీద పరిచింది. ఇన్నాళ్ళూ పైన 'ప్రమాదం' అన్న మాట దాటి ఆవిడ ఒక్క వాక్యం చదవలేదు. ఇప్పుడు వేలు పెట్టి ఒక్కో వరుసా చదివింది. అందరూ నిలబడి ఉన్నారు, ఎవరూ తొందరపెట్టలేదు. మధ్యలో ఒకచోట వేలు ఆగింది. 'ఈ పనిలోని ప్రమాదాల గురించి నేను వివరంగా అడిగి తెలుసుకున్నాను.'

"అడిగాను కదన్నా?" అంది తలెత్తి.

"అడగడమా! తోలు తీశారు" అన్నాడు మేస్త్రీ.

"దీనికి కూడా తాళం ఇస్తారా?"

"మొదటిరోజే ఇస్తాం. పనిలో ఉన్నన్నాళ్ళూ అది తనదే. ఇంకెవరూ ముట్టుకోరు" అంది మేడమ్.

జాగ్రత్తమ్మ పెన్ను అడిగి తీసుకుంది. సంతకం తిన్నగా రాలేదు. చివరి అక్షరం గీత దిగిపోయింది. అయినా అది సంతకమే.

బస్సు స్టాపులో తల్లీ కూతురూ పక్కపక్కనే నిలబడ్డారు. రెండు బస్సులు పోయాయి, వాళ్ళవి కావు. పండు రోడ్డు వైపే చూస్తోంది.

"మూడేళ్ళు దాచాను ఆ పేరు" అంది చివరికి. "ఇవాళ ఒక్క పూటలో కాలేజీ గోడలకు కూడా తెలిసిపోయింది. క్యాంటీన్లో పనిచేసే ఆవిడ అడిగింది, పండు అంటే ఏ పండమ్మా అని."

"మామిడిపండు అని చెప్పాల్సింది."

"నవ్వించకు. నాకింకా కోపంగానే ఉంది." తల్లి వైపు తిరిగింది. "భయం పోయిందా?"

"ఎక్కడికి పోతుందే? నాతో పుట్టింది, నాతోనే పోతుంది."

"మరి సంతకం ఎందుకు పెట్టావు?"

జాగ్రత్తమ్మ తలెత్తి చూసింది. ఎదురుగా ఆ భవనం పై అంతస్తులో ఒక కిటికీలో దీపం వెలిగింది.

"నీ గురించి భయపడాల్సింది లోకంలో నేనొక్కదాన్నే అనుకున్నాను. మీ నాన్న చేత కాదు కదా" అంది. "అక్కడ ఆ ముసలాయన మోచెయ్యి చూశావా? గీరుకుపోయింది. నాకోసం రెండుసార్లు దిగాడట ఆ గొయ్యిలోకి. నేను లేని గొయ్యిలోకి."

పండు దగ్గరికి జరిగింది. తల్లి భుజాన ఉన్న సంచీ తీసి తన భుజాన వేసుకుంది. మలుపులో వాళ్ళ బస్సు కనిపించింది.